వెనక సీటు భయం

"భయమెందుకు, నేనున్నాగా!"

మొగుడి బండెక్కిన ఆడవాళ్ళలో ఈ మాట వినని వాళ్ళెవరైనా ఉంటారా అసలు? అనేవాళ్ళ మనసు మంచిదే, నేను కాదనను. కానీ ఆ మాట అన్నాక బండి వేగం ఏమన్నా తగ్గుతుందా అంటే, ఒక్క పిసరు కూడా తగ్గదు. అదే లారీ, అదే సందు, అదే దూరడం. మాట మాత్రం ధైర్యంగా ఉంటుంది. కాసేపటికి మనం "అమ్మో" అంటే, "అబ్బా, నీతో ఇదే గొడవ" అని విసుక్కోవడం. ఇంటికెళ్ళాక పిల్లల ముందు, "మీ అమ్మ నా భుజం పట్టుకుంటే గోళ్ళు దిగిపోయాయిరా" అని నవ్వించడం. మనం కూడా నవ్వేస్తాం. ఏం చేస్తాం మరి?

నాకు ఈ నవ్వు మీదే అభ్యంతరం. బండి వెనక కూర్చుని భయపడే మనిషిని మన ఇళ్ళలో ఒక హాస్యపాత్రగా చేసేశారు. ఆవిడ భయం ఆవిడ లోపం, అలవాటైతే పోతుంది, పోకపోతే ఆవిడ ఖర్మ అన్నట్టు మాట్లాడతారు. నేనేమంటానంటే, ఇద్దరెక్కిన బండిని ఇద్దరిలో ఎక్కువ భయపడేవాళ్ళకి తగ్గట్టు నడపాలి. భయపడేది ఆడమనిషైనా సరే, మగమనిషైనా సరే. ఇందులో బేరం లేదు. హ్యాండిల్ ఎవరి చేతిలో ఉందో బాధ్యత వాళ్ళదే.

పెళ్ళై 22 ఏళ్ళు. మావారి వెనక మూడు బండ్లు మారాను. మాది బెజవాడలో పటమట, పుట్టిల్లు ఉయ్యూరు అవతల. అంటే నా వెనక సీటు జీవితంలో ముప్పాతిక వంతు బందరు రోడ్డు మీదే గడిచిందన్నమాట. ఆ రోడ్డు తెలిసిన వాళ్ళకి ఇంక నేను వేరే చెప్పక్కర్లేదు. బస్సులు, లారీలు, ఎదురొచ్చే ఆటోలు, చెరకు సీజన్లో అయితే వెనక ఒక్క లైటు కూడా లేకుండా చీకట్లో కొండలా కదిలే చెరకు ట్రాక్టర్లు.

అసలు వెనక కూర్చున్న వాళ్ళకి భయం ఎందుకు వేస్తుందో నేను చాలా ఆలోచించాను. ఆలోచించడానికి టైముంటుంది కదా, వెనక కూర్చుని చేసే పనేముంది! కూర వండేవాళ్ళకి కారం ఎంత వేశారో తెలుసు. తినేవాళ్ళకి నోట్లో పెట్టుకున్నాకే తెలుస్తుంది. బండి కూడా అంతే. నడిపే ఆయనకి బ్రేకు వేయబోతున్నాననీ, కుడివైపు తిప్పబోతున్నాననీ, ఆ బస్సుని దాటబోతున్నాననీ ముందే తెలుసు. ఆయన ఒళ్ళు ముందే సర్దుకుంటుంది. మనకి బ్రేకు పడ్డాక తెలుస్తుంది బ్రేకు పడిందని. మన ముఖం వెళ్ళి ఆయన హెల్మెట్‌కి కొట్టుకున్నాక తెలుస్తుంది ముందు గొయ్యి ఉందని. గొయ్యి ఆయనకి కనిపించింది, మనకి ఆయన వీపు కనిపించింది. తేడా అంతా ఇక్కడే ఉంది.

పైగా చేతిలో ఏమీ ఉండదు. బ్రేకు లేదు, హారను లేదు, కనీసం అద్దం కూడా మన వైపు తిరిగి ఉండదు. ఇంట్లో గ్యాసు వాసనొస్తే లేచి వెళ్ళి రెగ్యులేటర్ కట్టేస్తాం. కుక్కరు విజిల్ రాకపోతే మంట తగ్గిస్తాం. ఏదో ఒకటి చేసే వీలుంటే భయం సగం తగ్గుతుంది. బండి వెనక మనం చేయగలిగింది దేవుణ్ణి తలుచుకోవడం ఒక్కటే. నేను బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు లోపల హనుమాన్ చాలీసా రెండుసార్లు పూర్తి చేసిన రోజులున్నాయి.

ఇక ఒకవైపు కూర్చోవడం సంగతి. ఇది మగవాళ్ళకి చెప్పినా అర్థం కాదు, వాళ్ళెప్పుడూ అలా కూర్చోలేదు కాబట్టి. ఒకసారి మీ ఇంట్లో ఆయన్ని, బండి స్టాండు మీద ఉన్నప్పుడే, ఒకవైపు కాళ్ళు వేసి కూర్చోమని చూడండి. ఊరికే రెండు నిమిషాలు. రెండు వైపులా కాళ్ళు వేసుకున్న మనిషి తొడలతో సీటుని పట్టుకుంటాడు, పాదాలు రెండూ ఆనించుకుంటాడు. బ్రేకు పడితే కాళ్ళు బిగించి ఆపుకుంటాడు. ఒకవైపు కూర్చున్నవాళ్ళకి అవేవీ కుదరవు. బ్రేకు వేస్తే సీటు మీద ఆయన వైపుకి జారతాం, ఎత్తుకుంటే వెనక్కి జారతాం. మన చూపంతా రోడ్డు పక్కన కొట్ల మీదే ఉంటుంది. కుడి పక్కనుంచి ఏమొస్తోందో మెడ పూర్తిగా తిప్పితే గానీ కనపడదు. కాళ్ళు ఎడమ పక్కకి వేలాడుతుంటాయి, ఆయన సందు దొరికింది కదా అని ఆటోకి ఆనుకుని పోనిస్తే ఆ ఆటో రేకుకి తగిలేవి మన మోకాళ్ళే. ఆయన మోకాలికీ బండి ట్యాంకుకీ మధ్య చక్కగా జాగా ఉంటుంది కాబట్టి ఆయన లెక్క ప్రకారం ఆ సందు సరిపోతుంది. మన మోకాళ్ళు ఆ లెక్కలో ఉండవు.

చేతుల సంగతి చూడండి. ఒక చేయి ఆయన భుజం మీద, ఒక చేయి సీటు వెనక కడ్డీ మీద ఉండాలి. మరి కొంగు ఎవరు పట్టుకుంటారు? హ్యాండ్‌బ్యాగు? పెళ్ళికి వెళ్తుంటే గిఫ్టు ప్యాకెట్టు? చంటిపిల్ల? దేవుడు రెండు చేతులే ఇచ్చి, ఆడవాళ్ళకి బండి మీద ఆరు చేతుల పని పెట్టాడు.

కొంగు అంటే గుర్తొచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. అందులో 123వ నిబంధన మన కోసమే ఉంది, మనలో చాలామందికి తెలియదు గానీ. వెనక మనిషి కూర్చునే వీలున్న ఏ మోటారు సైకిలైనా సరే, ఆ మనిషి పట్టుకోవడానికి కదలని పిడి ఒకటి, పాదాలు పెట్టుకోవడానికి ఆధారం ఒకటి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఒకటి తప్పకుండా ఉండేలా తయారు చేయాలి. మనం శారీ గార్డు అంటామే, అదే. అంటే చట్టం రాసినవాళ్ళకి వెనక సీటులో చీర కట్టుకున్న మనిషి గుర్తొచ్చింది. కొన్నాక ఇంటికి తెచ్చి, "చూడ్డానికి బాలేదు, పాత మోడల్‌లా ఉంది" అని దాన్ని ఊడదీయించే కుర్రాళ్ళకే గుర్తు రావట్లేదు. మా ఆడపడుచు కొడుకు అదే చేశాడు. పెళ్ళి కుదిరాక మళ్ళీ వేయించాడు, వేయించకపోతే పెళ్ళికూతుర్ని నీ బండి ఎక్కనివ్వనని మా ఆడపడుచు పట్టుబట్టింది. పైటకొంగు చక్రంలో పడితే ఏమవుతుందో ఆవిడ వాళ్ళ వీధిలోనే చూసింది. ఆ వివరాలు ఇక్కడ రాయను. చున్నీ అయినా కొంగైనా ఎక్కేముందే నడుముకి చుట్టి దోపుకోండి, అంతవరకు చెప్తాను.

"నేను 25 ఏళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క గీత పడిందా?" ఇది రెండో వాదన. దీనికి నా దగ్గర జవాబుంది. మీరు 25 ఏళ్ళలో ఎక్కువసార్లు ఒక్కరే నడిపారు. ఒక్కరున్న బండి వేరు, ఇద్దరున్న బండి వేరు. మామూలు వంద సీసీ బండి బరువు 110 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దాని మీద నేను 62 కిలోలు ఎక్కి కూర్చుంటే, బండి బరువులో సగానికి పైగా వెనక చక్రం మీద అదనంగా పడుతోందన్నమాట. అప్పుడు బండి ఎత్తుకోవడం ఆలస్యమవుతుంది, ఆగడం ఆలస్యమవుతుంది, ముందు చక్రం తేలికవుతుంది, హెడ్‌లైటు కొంచెం పైకి లేచి ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు లారీని దాటడానికి సరిపోయిన జాగా ఇద్దరున్నప్పుడు సరిపోదు. బండి పుస్తకంలో చూడండి, వెనక టైరు గాలికి చాలా బండ్లకి రెండు అంకెలు ఇస్తారు, ఒక్కరికి ఇంత, ఇద్దరికి ఇంత అని. ఇద్దరికి ఎక్కువ. ఎంతమంది పెట్రోలు బంకులో "ఇద్దరం వెళ్తున్నాం, వెనక టైరుకి కొంచెం పెంచు" అంటారో చెప్పండి. మా ఇంట్లో ఆ పుస్తకం చదివింది నేనే. పాత పేపర్లలో అమ్మేయబోతుంటే తీసి దాచాను.

వేగం లెక్క కూడా చెప్తాను, మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు వాడి పక్కన కూర్చుని నేర్చుకున్నది. గంటకి 50 కిలోమీటర్లంటే క్షణానికి దాదాపు 14 మీటర్లు. గేదె అడ్డొచ్చిందని చూసి, చెయ్యి బ్రేకు మీద పడేలోపు ఒక్క క్షణం గడిస్తే చాలు, బ్రేకు పడకముందే బండి 14 మీటర్లు వెళ్ళిపోయింది. బ్రేకు పడ్డాక ఆగే దూరం వేగంతో పాటు పెరగదు, అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలు. 30లో వెళ్ళేవాడికీ 60లో వెళ్ళేవాడికీ మధ్య తేడా అది. మనం వెనకనుంచి "కొంచెం మెల్లగా" అన్నప్పుడు అడిగేది ఆ నాలుగింతల దూరం గురించే. మనకి ఫిజిక్సు పేర్లు తెలియకపోవచ్చు, పొట్టలో తిప్పితే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ భయం ఆడవాళ్ళదని, సున్నితమైన మనుషులదని అనుకునేవాళ్ళకి నేను చూసింది చెప్పాలి.

నేను స్కూటీ నేర్చుకున్నది 38వ ఏట. కూరగాయలకీ, బ్యాంకుకీ, పిల్లల ట్యూషన్లకీ బాగానే తిరుగుతున్నాను. రెండేళ్ళ క్రితం మావారు బాత్రూంలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు పిండికట్టు. ఆటో వాళ్ళతో రోజూ బేరం ఎందుకని నేనే ఆఫీసు దాకా దింపి తీసుకొచ్చేదాన్ని. మొదటి రోజు మా వీధి మలుపు తిరగకముందే మొదలు. "లారీ, లారీ!" లారీ ఎక్కడో ఉంది. "బ్రేకు మీద చెయ్యి ఉంచు." ఉంచాను. "అటెందుకు వెళ్తున్నావ్?" గొయ్యి ఉంది. "నాకు కనపడలేదే!" కనపడదండీ, అక్కడ నా తలకాయ ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తే ఆయన కుడికాలు ఫుట్‌రెస్ట్‌ని గట్టిగా తొక్కిపట్టి ఉంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఎడమ చేత్తో వెనక కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఆఫీసు దగ్గర దిగాక వేళ్ళు విదిలించుకున్నారు.

పాతికేళ్ళు బండి నడిపిన మనిషి. నా వేగం 30 దాటలేదు. ఆయనకి బండి గురించి తెలుసు, రోడ్డు గురించి తెలుసు, నన్ను నమ్మకం లేక కాదు. కూర్చున్న చోటు అలాంటిది. ముందు సీటులో కూర్చుంటే ఎవరికీ భయం ఉండదు, వెనక్కి మారగానే ఎవరికైనా వస్తుంది. నేను నవ్వలేదు, ఒట్టు. నవ్వే హక్కు నాకుందని మా అమ్మాయి చాలా ఎగదోసింది గానీ, నేను మర్నాటి నుంచి గొయ్యి వస్తే ముందే "గొయ్యి" అని చెప్పడం మొదలుపెట్టాను. "ఆగుతున్నా." "కుడికి తిరుగుతున్నా." అంతే, మూడు మాటలు. నాలుగో రోజుకి ఆయన లారీ పాట ఆగిపోయింది. చెయ్యి బాగయ్యాక ఆయన కూడా చెప్తున్నారు, పూర్తిగా కాదు, పదిసార్లకి ఆరుసార్లు. పాతికేళ్ళ అలవాటు కదా, ఆరంటే ఎక్కువే.

అందుకే నా అభిప్రాయం, భార్యాభర్తలిద్దరికీ బండి వచ్చిన ఇళ్ళలో నెలకోసారైనా సీట్లు మారాలి. మగవాళ్ళకి వెనక కూర్చోవడం నామోషీ అనిపిస్తుంది, తెలుసు. ఆవిడ నడుపుతుంటే ఈయన వెనక కూర్చున్నాడని ఎవరో చూస్తారట. చూడనివ్వండి.

ఇంతవరకు నవ్వుతూ రాశాను. మా పిన్ని సంగతి అలా రాయలేను.

పిన్నిది గుడివాడ దగ్గర పల్లెటూరు. వాళ్ళ ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎనిమిదేళ్ళ క్రితం కోతల రోజుల్లో బాబాయితో వస్తుంటే, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి జారింది. తారు రోడ్డు మీద వడ్లంటే గోళీకాయల మీద నడిచినట్టే, టైరు నిలవదు. ఎముకలేం విరగలేదు, మోచేతులు దోక్కుపోయాయి. బాబాయి దులుపుకుని లేచాడు. పిన్ని మళ్ళీ బండెక్కలేదు. ఎక్కిస్తే వణికేది, నిజంగా వణికేది, చేతులు చల్లబడేవి. కొన్నాళ్ళు బతిమాలారు, కొన్నాళ్ళు తిట్టారు, తరవాత వేళాకోళం చేశారు. "మీ పిన్నికి విమానం కావాలంట." ఆ తరవాత పిలవడం మానేశారు. పెళ్ళిళ్ళకి బాబాయి ఒక్కడే వచ్చేవాడు. అడిగితే "అదెక్కడొస్తుంది" అనేవాడు. షుగరు పరీక్షకి గుడివాడ వెళ్ళడం తగ్గించింది. కంట్లో శుక్లం వచ్చింది. బస్సులో ఒక్కతే వెళ్ళలేదు, చూపు ఆనదు కదా. ఆటో మాట్లాడుకుంటే డబ్బులు, డబ్బులెందుకు దండగ, ఇంట్లో బండి ఉండగా. అలా రెండేళ్ళు. చివరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నది కూడా కనపడని స్థితికొచ్చింది.

ఒక భయాన్ని ఇంటిల్లిపాదీ జోకు చేస్తే ఒక మనిషి కంటిచూపు దాకా వచ్చింది. ఇది పెద్ద మాటేం కాదు, జరిగింది ఇదే.

ఆవిణ్ణి కదిలించింది మా తమ్ముడు. వాడు స్కూటర్ తీసుకెళ్ళి గుమ్మం ముందు ఆపి, ధైర్యం చెప్పలేదట. "నీకెలా కావాలంటే అలా పోనిస్తాను పిన్నీ" అన్నాడట. పిన్ని అడిగింది ఒకే ఒక్క మాట, "నేను ఆపమంటే ఆపుతావా?" ఎందుకని అడగకుండా ఆపుతానన్నాడు. మొదటి రోజు ఊరి చివర రామాలయం దాకా. మూడుసార్లు ఆపమంది, మూడుసార్లూ ఆపాడు. ఆగినప్పుడల్లా దిగి, రెండు నిమిషాలు నిలబడి, తనే ఎక్కింది. వారంలో మూడు రోజులు అలాగే. వేగం 20, మహా అయితే 25. నాలుగో వారం గుడివాడ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆపరేషనైంది. ఇప్పుడు బాబాయి బండి ఎక్కుతుందా అంటే, ఎక్కదు. మా తమ్ముడి బండే ఎక్కుతుంది. "వాడు ఆపుతాడు" అంటుంది.

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఎనిమిదేళ్ళూ ఆవిడ భయపడింది బండికా, లేక చెప్పినా ఆపని మనిషికా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, వెనక కూర్చున్న మనం చేసే పనులు కూడా కొన్నుంటాయి. భయంలో ఒక్కసారిగా ముందుమనిషి చెయ్యి పట్టి లాగితే హ్యాండిల్ కదులుతుంది, అప్పుడు భయపడింది నిజంగానే జరుగుతుంది. చెయ్యి ఎప్పుడూ భుజం మీదో నడుము దగ్గరో ఉండాలి గానీ మోచేతి మీదికి రాకూడదు. మలుపులో బండి ఒంగితే మనం భయపడి రెండో వైపుకి ఒరుగుతాం, అది కూడా తప్పే, బండితో పాటే ఉండాలి. ఆయన కుడి భుజం మీదుగా చూస్తూ కుడి మలుపు, ఎడమ భుజం మీదుగా చూస్తూ ఎడమ మలుపు తిరిగితే ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది, రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చున్నప్పుడు మాత్రమే సుమా. ఆయన బండిని నిలబెట్టి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, "ఊఁ" అన్నాకే ఎక్కడం. దిగడం కూడా చెప్పాకే. ఊరికే అరవడం వల్ల లాభం లేదు, మావారు చెప్పేదాంట్లో న్యాయముంది. "నువ్వు అమ్మో అంటే నేను వెనక ఏమైందోనని చూస్తాను, ముందు చూడను" అంటారు. అందుకని మా ఇంట్లో మాటలు మానేసి తట్టడం పెట్టుకున్నాం. భుజం మీద ఒకసారి తడితే మెల్లగా. రెండుసార్లు తడితే పక్కకి ఆపాలి. హెల్మెట్లలో ఎలాగూ మాట వినపడదు. ఒక్క షరతు, తట్టాక వాదన ఇంటికెళ్ళాకే.

హెల్మెట్ అన్నాను కాబట్టి ఆ గొడవ కూడా. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం నడిపేవాళ్ళకే కాదు, వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరి, నాలుగేళ్ళు దాటిన పిల్లలతో సహా. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2022లో నిబంధన తెచ్చారు, 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. కాగితం మీద ఇంత ఉంది. రోడ్డు మీద చూస్తే ఆయనకి ఐయస్‌ఐ గుర్తున్న హెల్మెట్, వెనక ఆవిడకి మల్లెపూలు. రోడ్డుకి తగిలేటప్పుడు ఎవరి తల ఏదని చూసుకుంటుందా? కొప్పుకి హెల్మెట్ పట్టదంటారు, నిజమే, నాకూ పట్టదు. జడ కిందికి వేసుకుని హెల్మెట్ పెట్టుకుంటాను, పూలు బ్యాగులో డబ్బాలో పెట్టుకుని ఫంక్షన్ హాలు దగ్గర తురుముకుంటాను. మొదట్లో మా తోడికోడలు నవ్వింది. కిందటి నెల ఆవిడ కూడా డబ్బా తెచ్చుకుంది.

చాలామంది అడగొచ్చు, ఇంత భయమైతే బస్సెక్కొచ్చు కదా అని. ఎక్కొచ్చు, ఎక్కుతాం కూడా. కానీ మనలాంటి ఇళ్ళకి బండి సరదా కాదు. ఆస్పత్రికి, బడికి, పుట్టింటికి, రాత్రి తొమ్మిదింటికి మందుల కొట్టుకి అన్నిటికీ అదొక్కటే. కారు కొనే స్తోమత అందరికీ ఉండదు, బస్సు అన్ని సందుల్లోకీ రాదు. వెనక సీటు మీద కూర్చోలేని ఆడమనిషికి, సొంతంగా బండి కూడా రాకపోతే, ఊరు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. పక్క కొట్టు, గుడి, అంతే. మా పిన్ని ఊరు ఎనిమిదేళ్ళపాటు రామాలయం దగ్గర ఆగిపోయింది. అలాంటివాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరుంటారు, "ఆవిడ ఎక్కడికీ రాదు" అని పేరు పెట్టేసి ఉంటారు. ఎందుకు రాదో ఎవరైనా అడిగారా అన్నదే నా ప్రశ్న. ఈసారి పెళ్ళికి శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మీరు అడిగి చూడండి.

ఇక మా ఇంట్లో ప్రస్తుతం నడుస్తున్న తగాదా. కార్తీకమాసంలో శ్రీశైలం బండి మీద వెళ్దామంటున్నారు మావారు. ఆఫీసులో ఎవరో జంటగా వెళ్ళొచ్చారట, దోర్నాల దాటాక నల్లమల ఘాట్ రోడ్డు బ్రహ్మాండంగా ఉందట. దాదాపు 50 కిలోమీటర్లు అడవి, అన్నీ మలుపులే. నేను రైల్లో మార్కాపురం దాకా వెళ్ళి అక్కణ్ణుంచి బస్సెక్కుదామన్నాను. మూడు రోజులు చర్చలు జరిగాక నాలుగు షరతులు పెట్టాను. ఒకటి, చీకటి పడ్డాక బండి కదలకూడదు. రెండు, గంటకోసారి ఆగాలి. మూడు, వెనక టైరు గాలి నేను దగ్గరుండి చూసుకుంటాను. ఈ మూడూ ఒప్పుకున్నారు. నాలుగోది, ఘాట్‌లో బస్సుని గానీ లారీని గానీ దాటకూడదు, వెనకే వెళ్ళాలి.

"50 కిలోమీటర్లు బస్సు పొగ పీలుస్తూనా?" అన్నారు.

బస్సు పొగ పడకపోతే బస్సులోపల కూర్చుందామండీ అన్నాను. నిన్న రాత్రి నుంచి జవాబు లేదు. కార్తీకానికి ఇంకా టైముంది, చూద్దాం.